నోరు తెరవాల్సిన చోట

అన్న చనిపోయాడని నాకు చెప్పింది ఒక పేషెంటు.

రావల్‌కోల్ నుంచి వచ్చిన పెద్దాయన. కింది పళ్ళ వెనకాల గట్టిపడ్డ గారను తీస్తూ, మధ్యలో పుక్కిలించి ఉమ్మమన్నాను. ఉమ్మి, కండువాతో మూతి తుడుచుకుని, నా చేతిలోని పరికరం వంక చూస్తూ అన్నాడు:

"మా ఊర్ల ఒకడుండె బిడ్డా, గీ పనే నేర్సుకుంటుండె. పూరాగ నేర్వలే. పోయిన వారం శామీర్‌పేట కాడ ప్లాట్ల లొల్లిల పొడిసి సంపిర్రు."

పేరు అడగలేదు. ఆ ఊళ్ళో ఈ పని నేర్చుకోబోయినవాడు ఒక్కడే. "మళ్ళీ నోరు తెరవండి" అన్నాను. మిగిలిన పళ్ళు శుభ్రం చేసి, ఆయన్ని పంపించి, తలుపు వేసుకుని కుళాయి తిప్పి చేతులు కడుక్కున్నాను.

మేడ్చల్ రోడ్డులోని ఒక పళ్ళ డాక్టర్ల కాలేజీలో నేనూ అన్నా కలిసి చదువుకున్నాం. డాక్టరు చదువు కాదు, దాని పక్కనే నడిచే రెండేళ్ళ డిప్లొమా. పళ్ళు పీకడం, కట్టడం డాక్టర్ల పని. పళ్ళ మీది పాచి, గార గీకి తీయడం, చిగుళ్ళు ఎట్లా కాపాడుకోవాలో చెప్పడం మా పని. నాకు డెంటల్ సీటు రాలేదు. రాజమండ్రి నుంచి ఉద్యోగం మీద వచ్చి కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్న మా నాన్న, "సీటు రాకపోతే ఏమైంది, తెల్లకోటు తెల్లకోటే" అని దీంట్లో చేర్పించారు.

మొదటి రోజు క్లాసులో పద్నాలుగు మందిమి. పదమూడు మందికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళు. చివరి బెంచీలో ముప్పై దాటిన ఒక మనిషి. ఏప్రన్ చేతులు అతని మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. మెడ మీద కత్తి గాటు మానిన గీత. అటెండరనుకుని ఒకమ్మాయి మంచినీళ్ళు తెమ్మంది. లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చాడు. మళ్ళీ చివరి బెంచీకి పోయి పుస్తకం తెరిచాడు. ఆ అమ్మాయి మొహం చూడాలి! ఆ సాయంత్రానికే మేమందరం అతన్ని అన్నా అని పిలుస్తున్నాం. అతను అమ్మాయిలందరినీ సెల్లె అనేవాడు.

జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. గుట్కా మానడానికి అది నములుతున్నానని చెప్పేవాడు. చేతులు కడుక్కోవడం మొదలుపెడితే ఒక పట్టాన వదిలేవాడు కాదు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాకా. కుడి పిడికిలి కణుపుల మీద రెండు తెల్లటి మచ్చలు. పళ్ళ ఆకారాల పాఠం జరుగుతున్న రోజు ఆ పిడికిలి నా ముందు పెట్టి, "గిది ముంగటి పన్ను సెల్లె, గిది దాని పక్కది. గుద్దితే దిగినయ్" అన్నాడు. నవ్వలేదు. పాఠం చెప్పినట్టే చెప్పాడు.

శామీర్‌పేట చుట్టుపక్కల భూములకు గిరాకీ పెరిగిన కాలంలో, ఇంకొకరి జాగా మీద కూర్చోవడానికి, కూర్చున్నవాళ్ళని లేపడానికి మనుషులు కావాల్సి వచ్చింది. అన్న ఇంటర్ అయ్యాక ఏడెనిమిదేళ్ళు ఆ పని చేశాడు. కర్రతో, చేత్తో, ఒకటి రెండుసార్లు గొలుసుతో. ఎందుకు మానేశావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేవాడు. ఒకరితో అమ్మ ఒట్టు పెట్టిందనీ, ఇంకొకరితో పోలీసులు గట్టిగా తన్నారనీ. నాకు చెప్పింది వేరు.

"ఒక ముసలాయన గుడిసె ఖాళీ జేయనన్నడు. మూతి మీద ఒక్కటే గుద్దు గుద్దిన. కిందవడ్డ పళ్ళు ఏరుకుంటుండె సెల్లె. బియ్యంల రాళ్ళు ఏరినట్టు, ఒక్కొక్కటి తీసి అంగి జేబుల ఏసుకుంటుండె. ఆ దినం అన్నం తినబుద్ధి గాలే. తెల్లారి గూడ గాలే."

అది నిజమో కాదో తెలియదు. నేను నమ్మాను.

చదువులో మొద్దు కాదు కానీ ఇంగ్లీషు మాటలు అతని నోట్లో కొత్త రూపం ఎత్తేవి. ముప్పై రెండు పళ్ళకీ నంబర్లు గుర్తుపెట్టుకోలేక నేను ఏడుస్తుంటే, "నాలుగు గల్లీలు, గల్లీకి ఎనిమిది ఇండ్లు. మూలకున్న ఇల్లు జ్ఞానదంతం. పోస్ట్‌మన్ లెక్క తిరుగు" అన్నాడు. ఇప్పటికీ నేను అట్లాగే తిరుగుతాను.

ఒకళ్ళ పళ్ళు ఒకళ్ళం శుభ్రం చేసి నేర్చుకోవాలి. నా మొదటి నోరు అన్నదే. పిడికెడు చిగురు కోసేశాననిపించింది, అంత రక్తం వచ్చింది. అతను కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, అంతే. అయిపోయాక రక్తం ఉమ్మి, "నోరు తెరిసినోడు నీకు దొరికిపోయినట్టే సెల్లె. కొట్టాల్నంటే గంతకంటె మంచి మౌక లేదు. గందుకే మెల్లగ జెయ్యాలె" అన్నాడు. తర్వాత నా వేళ్ళు పట్టుకుని పరికరం ఎక్కడ ఆనించాలో, ఉంగరపు వేలు పంటి మీద ఊతగా ఎట్లా పెట్టాలో చూపించాడు. అంత పెద్ద చెయ్యి అంత తేలిగ్గా కదలడం నేను మళ్ళీ చూడలేదు.

మొదటి ఏడాదే ఒక గొడవ జరిగింది. డాక్టరు చదివే ఒక సీనియర్ అతన్ని "తాతా" అని పిలిచి, పేషెంట్లు ఉమ్మిన నీళ్ళున్న గిన్నె తెచ్చి అతని మొహం మీద పోశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకముందే ఆ సీనియర్ గోడకు ఆనుకుని ఉన్నాడు, కాళ్ళు నేలకు అందడం లేదు. అన్న ఎడమచెయ్యి అతని గొంతు మీద ఉంది. కుడి పిడికిలి వెనక్కి వెళ్ళింది. ఆ పిడికిలి వచ్చి సీనియర్ చెవి పక్కన గోడకు తగిలింది. టైలు పగిలి ముక్కలు రాలాయి. కణుపుల నుంచి రక్తం గోడ మీద కారింది. సీనియర్ ప్యాంటు తడిసిపోయింది.

మా డిపార్టుమెంటు హెడ్ ఒక మేడమ్. సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. "ఈసారికి గోడ కాబట్టి వదిలేస్తున్నాను. ఇంకోసారి ఎవరి మీద చెయ్యి లేచినా వెళ్ళిపోవాలి. కాగితం మీద రాసివ్వు" అంది. అన్న కట్టు కట్టిన చేత్తో రాసిచ్చాడు. అక్షరాలు వంకరపోతే, అంతా కొట్టేసి మళ్ళీ రాశాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఎంత గట్టిగానో నేను కళ్ళారా చూశాను. కుత్బుల్లాపూర్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన పొద్దున్నే తాగి వచ్చాడు. అన్న అతని దవడ పళ్ళు గీకుతుంటే ఉన్నట్టుండి కసుక్కున కొరికాడు. వేలు పళ్ళ మధ్య ఇరుక్కుంది. వదల్లేదు, కుక్కలా గుర్రుమంటున్నాడు. గ్లవ్‌లో రక్తం నిండి, మణికట్టు మీదుగా నా చేతిలోని పళ్ళెంలో పడుతోంది. అన్న రెండో చెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ చప్పుడు వినిపించలేదు. కళ్ళు తెరిస్తే, ఆ చేత్తో అతని దవడ కీలు దగ్గర నొక్కుతూ, చెవిలో మెల్లగా, "నోరు తెరువు కాకా. నోరు తెరువు. ఏం గాదు" అంటున్నాడు. చిన్నపిల్లవాడికి అన్నం పెట్టేటప్పుడు అన్నట్టు.

తర్వాత వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. వేలికి ఆరు కుట్లు పడ్డాయి. "సంపుతుంటి సెల్లె. ఇంకొక్క నిమిషం అయితే కాకను ఆ కుర్సీలనే సంపుతుంటి" అన్నాడు. సోంపు పొట్లం విప్పబోతే గింజలన్నీ మెట్ల మీద ఒలికిపోయాయి.

ఇదంతా తెలిసిన దాన్ని నేను.

రెండో ఏడాది, చివరి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయనగా, ఒకడు నా వెంటపడ్డాడు. కౌకూర్ నుంచి ఆటోలో బొల్లారం వచ్చి, అక్కడ మేడ్చల్ బస్సు ఎక్కేదాన్ని. వాడు బండి మీద బస్సు పక్కనే వచ్చేవాడు. మొదట్లో నవ్వడం, తర్వాత పేరు పెట్టి పిలవడం. ఒకరోజు మేడ్చల్ స్టాపులో చెయ్యి మెలిపెట్టి పట్టుకుని, జేబులోంచి చిన్న సీసా తీసి చూపించాడు. బాత్రూములు కడిగే ఆసిడ్. "రేపు జవాబు చెప్పకపోతే ఇది మొహం మీద పడ్తది" అన్నాడు.

నాన్నకు చెప్తే మర్నాటి నుంచి కాలేజీ ఉండదు. అన్నకు చెప్పాను. మణికట్టు మీద నల్లబడ్డ వేళ్ళ గుర్తులు చూపించాను.

అతను వాటిని చూసి తల తిప్పుకున్నాడు. "పోలీస్ స్టేషన్‌కు పోదాం పా. నేనొస్త. మేడమ్‌కు గూడ సెప్పు."

"వద్దన్నా. ఇంట్లో తెలిసిపోతుంది. నువ్వు ఒక్కసారి వాడి పళ్ళు రాలగొట్టు, చాలు. ఇంక నా జోలికి రాడు."

"నేను రాసిచ్చిన గద సెల్లె."

"కాగితం ముఖ్యమా నీకు? మరి నిన్ను అన్నా అని ఎందుకు పిలుస్తున్నాను?"

ఆ మాట అన్నది నేనే. ఏడుస్తూ అన్నాను కానీ, ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

మర్నాడు పొద్దున మేడ్చల్ స్టాపులో నేను బస్సు దిగేసరికి వాడు బండికి ఆనుకుని ఉన్నాడు. అప్పటికే అక్కడున్న అన్న ఏప్రన్ మడిచి స్టాపు బెంచీ మీద పెట్టి, వాడి దగ్గరికి నడిచి వెళ్ళాడు. మొదటి దెబ్బ మూతి మీద. వాడు బండితో సహా పడ్డాడు. లేపి మళ్ళీ కొట్టాడు. ముక్కు పక్కకు తిరిగిపోయింది. మూడో దెబ్బ దాకా నాకు సంతోషంగా ఉంది. దాచడం ఎందుకు, లోపల ఎవరో ఈల వేసినంత సంతోషం.

తర్వాత వాడు చేతులు జోడించాడు. "వద్దన్నా, సచ్చిపోతన్నా" అన్నాడు. అన్న ఆపలేదు. జుట్టు పట్టుకుని తల ఎత్తి, బండి హ్యాండిల్‌కేసి కొట్టాడు. డొక్కల్లో తన్నాడు. ఏదో విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అన్న మొహంలో కోపం లేదు. ఎప్పుడూ పని చేసేటప్పుడు ఉండే నిమ్మళం ఉంది. అది చూసి నాకు భయం వేసింది. ఆపు అన్నా అనడానికి పది అడుగుల దూరం. నేను అనలేదు. జనం చుట్టూ చేరి ఫోన్లు పైకెత్తారు. చివరికి పక్క దుకాణం సాయిబు వచ్చి వెనక నుంచి వాటేసుకున్నాడు. "బస్, బస్ బేటా, మర్‌జాతా! సస్తడు, ఇడువు!"

అన్న చేతులు జారిపోయాయి. చుట్టూ చూసి, తారు మీద పడి ఉన్న పన్ను చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, వేరు భాగం తగలకుండా పైభాగం మాత్రం పట్టుకుని తీశాడు. మాకు నేర్పినట్టే. సాయిబు దుకాణంలో పాల ప్యాకెట్ తీసుకుని, మూల కొరికి, పన్ను అందులో వేసి, వాడి చేతిలో పెట్టాడు.

"జల్దీ తీస్కపో. గంట లోపల పెడితే అతుకుతది" అన్నాడు.

పోలీసులు వచ్చేదాకా బెంచీ మీదే కూర్చున్నాడు. సీసాలో నీళ్ళు పోసుకుని, వేళ్ళ సందులు రుద్దుకుంటూ.

దగ్గర్లో పళ్ళ ఆసుపత్రి అంటే మా కాలేజీయే. అరగంటలో వాడిని అక్కడికే తెచ్చారు. మేడమ్ ఆ పన్ను మళ్ళీ చిగురులో కూర్చోబెట్టి తీగ కడుతుంటే, రక్తం పీల్చే గొట్టం పట్టుకుని పక్కన నిలబడ్డది నేను. వాడి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కన్నుతో నన్ను చూశాడు. "ఎవరు కొట్టారు? ఎందుకు?" అని మేడమ్ అడిగింది. "తెల్వదు" అన్నట్టు తల ఊపాడు. సీసా సంగతి బయటికి వస్తుందని వాడి భయం. నా పేరు బయటికి వస్తుందని నా భయం. ఆ గదిలో మేమిద్దరం ఒక జట్టు.

సాయంత్రానికి వీడియో అందరి ఫోన్లలో ఉంది. రెండు రోజుల తర్వాత, పోలీసుల దగ్గర్నుంచి బయటికొచ్చిన అన్నను కమిటీ ముందు నిలబెట్టారు. మమ్మల్ని కూడా కూర్చోబెట్టారు.

"ఎందుకు కొట్టావు?" అంది మేడమ్. ముందు అతను రాసిచ్చిన కాగితం ఉంది.

"పాత పంచాయితి మేడమ్."

"నేను కారణం అడుగుతున్నాను."

"గంతే మేడమ్. పాతది."

మేడమ్ మా వైపు తిరిగింది. ఒక్కొక్కళ్ళనీ అడుగుతూ నా దగ్గరికి వచ్చింది. "నువ్వు ఆ స్టాపులోనే ఉన్నావట. నీకేమైనా తెలుసా?"

అన్న నా వంక చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"తెలియదు మేడమ్" అన్నాను.

ఆ రోజే తీసేశారు. హాల్ టికెట్ వెనక్కి తీసుకున్నారు.

పది రోజులకు మేడ్చల్‌లో ఒక టీ హోటల్ దగ్గర కూర్చుని ఉంటే చూసి దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో ముందే అనుకుని వెళ్ళాను. పరీక్ష ఎప్పుడని అడిగాడు. సోమవారం అన్నాను. "నేను కూడా రాయనన్నా. నీకు లేని డిప్లొమా నాకెందుకు?" అన్నాను.

చెంప మీద పడింది దెబ్బ. బల్ల మీది గ్లాసు ఎగిరి పగిలింది. నేను పక్క బల్లకు కొట్టుకుని నిలదొక్కుకున్నాను. నోట్లో ఉప్పగా రక్తం. హోటల్లో అందరూ లేచారు.

"తెరవాల్సిన కాడ నోరు తెర్వలే నువ్వు," అన్నాడు. "గిప్పుడొచ్చి గీ మాటలా?"

అతనికి అంతా తెలుసు. కిటికీలోంచి బయటికి చూస్తూ నేను చెప్తానేమోనని ఎదురుచూశాడు. ఆ సంగతి నాకు అప్పుడర్థమైంది. ఏడుస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి దగ్గరికి వచ్చాడు. బొటనవేలితో నా కింది పెదవి వంచి చూశాడు. వెలుతురు వైపు మొహం తిప్పి మళ్ళీ చూశాడు. "పన్ను కదలలే. ఉప్పునీళ్ళు పుక్కిలించు. పోయి పరీక్ష రాయి" అన్నాడు.

రాశాను. పాసయ్యాను. సర్టిఫికెట్ ఇచ్చిన రోజు మేడమ్ అతని గురించి ఎత్తింది. "ఒక్క కారణం చూపించి ఉంటే కమిటీతో పోట్లాడేదాన్ని. నేను చూసినవాళ్ళలో అంత మంచి చెయ్యి లేదు" అంది. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత అన్నను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ శామీర్‌పేట వైపే, కంచె వేసిన ప్లాట్ల దగ్గర, నలుగురైదుగురితో జీపులో. రెండోసారి బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాను. నన్ను చూశాడు. గుట్కా ఉమ్మి, తల తిప్పుకున్నాడు. పళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి.

ఆ పెద్దాయన చెప్పాక వచ్చిన ఆదివారమే రావల్‌కోల్ వెళ్ళాను. వాళ్ళమ్మ గడప లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మీ అబ్బాయితో చదువుకున్నాను అంటే పక్కన చాప పరిచింది. ఏడు పోట్లు పొడిచారట. చేతులు అడ్డం పెట్టుకున్నాడేమో, కుడిచేతి వేళ్ళు రెండు తెగి వేరే దొరికాయట. అవి చెప్తున్నప్పుడు ఆమె ఏడవలేదు. "మా ముసలోళ్ళ పళ్ళన్ని వాడే సూస్తుండె బిడ్డా. గీ వాకిట్లనే కూసోవెట్టుకోని" అన్నప్పుడు ఏడ్చింది.

నేను చెప్పాను. ఒకడు నా వెంటపడటం, సీసా, నేను ఏడవడం, కొట్టమన్నది నేనేనని, ఏ మాట అని కొట్టించానో ఆ మాటతో సహా. అంతా అయ్యాక ఆమె అడిగింది.

"గీ సంగతి అప్పుడు ఆ పెద్ద మేడమ్‌కు ఎరుకేనా?"

"లేదమ్మా. నేను చెప్పలేదు."

"సెప్తే వాన్ని ఉంచుకుంటుండెనా?"

లేదని చెప్పొచ్చు. ఎట్లాగూ తీసేసేవాళ్ళమ్మా, నేను చెప్పినా ఒకటే అనొచ్చు. ఆమె కళ్ళు అదే అడుగుతున్నట్టున్నాయి.

"ఉంచుకునేదమ్మా" అన్నాను.

ఆమె గోడ పట్టుకుని లేచింది. నేనూ లేచాను. నేను కూర్చున్న చాప చుట్టి మూలకు నిలబెట్టింది.

"పో బిడ్డా," అంది. "మల్ల మా ఇంటికి రాకు."